ఒక దెబ్బ ఆగు, రెండు దెబ్బలు రా

ఈ సంగతి మొదట నాకు చెప్పింది సైలెన్సరే. ఆస్పత్రి వరండాలో బల్ల మీద కూర్చుని, మధ్యలో ఆగి ఆగి, తన నోటితో తనే చెప్పాడు. ఆ తరువాత ఈ కథ చెప్పుకు తిరుగుతున్నవాళ్ళంతా సెకండ్ హ్యాండే. అందులో ఆయన బావమరిది లేతు మరీను. వాడు అక్కడ లేడు, చూడలేదు. కానీ చూసినవాడికన్నా రెండాకులు ఎక్కువే చదివినట్టు చెప్తాడు. అందుకని నేను విన్నది విన్నట్టు పెడుతున్నాను.

సైలెన్సర్ లారీ డ్రైవరు. చేసి చేసి మానేశాడు. ఆ పేరెందుకు వచ్చిందంటే, ప్రతి బండికీ ఉండే ఆ సామాను ఆయన నోటికి మాత్రం లేదు. చెవిలో రహస్యం చెప్పినా పక్కవీధిలో కుక్క లేచి కూర్చునేది. మనిషి మాత్రం నిక్కచ్చి. గేరు వేస్తే కిర్రుమనకూడదు, బ్రేకు తొక్కితే టీ గ్లాసు తొణకకూడదు. అలాంటివాడు.

డ్రైవరు పని మానేసినా బండ్ల పిచ్చి మానలేదు. ఇంటి వెనక రేకుల షెడ్డు వేసి, ఎక్కడెక్కడో తుప్పుపట్టి పడున్న పాతవాటిని తెచ్చి బతికించేవాడు. ఇనప చక్రాల ట్రాక్టరు ఒకటి ఉండేది. దానికి ఒకటే సిలిండరు. తల మీద మంట పెట్టి ఎర్రగా కాల్చితేగానీ లేచేది కాదు. లేచిందంటే షెడ్డు రేకులన్నీ తాళం వేసేవి. ఇంకొకదానికి ముందు హ్యాండిల్ పెట్టి తిప్పాలి. తిప్పడానికి వచ్చిన ప్రతివాడికీ సైలెన్సర్ ముందు బొటనవేలు సంగతి చెప్పేవాడు. "నాలుగు వేళ్ళ పక్కనే పెట్టు దాన్ని. చుట్టేసి పట్టుకున్నావంటే, ఇంజను ఎదురు తన్నిందంటే, వేలు వెతుక్కోవాలి."

ఇంట్లో ఆవిడ ఈ బండ్లని సవతులు అనేది. "నాకు ఒక సవతి కాదమ్మా, షెడ్డు నిండా సవతులు. అందరూ ముసలివాళ్ళే, అందరికీ నూనె కావాలి" అనేది.

కూతురు మాత్రం తండ్రి పక్షం. బోర్డులు రాసే పని ఆ అమ్మాయిది. పాత లారీ తలుపుల మీద చెరిగిపోయిన అక్షరాలు, గీతలు, పువ్వులు ఎలా ఉండేవో అలాగే మళ్ళీ దించేది. తండ్రి నిక్కచ్చితనం మొత్తం చేతిలోకి దిగింది. అక్షరం వెంట్రుకవాసి వంగినా తుడిచి మళ్ళీ రాసేది. షెడ్డులోకి బండి వెనక్కి తీసేటప్పుడు వెనక నిలబడి దారి చెప్పేది కూడా తనే.

లారీవాళ్ళకి అదొక భాష. పాత లారీలో కూర్చున్నవాడికి వెనక ఏముందో కనపడదు. అందుకని క్లీనరు వెనక నిలబడి బాడీ పలక మీద అరచేత్తో కొడతాడు. రెండు దెబ్బలు కొడితే రా. ఒక దెబ్బ కొట్టేదాకా వస్తూనే ఉండు. ఒక దెబ్బ కొడితే ఆగు. అంతే. అరుపు ఇంజను మోతలో కలిసిపోతుంది. దెబ్బ అలా పోదు. చెక్కలోంచి ఇనుములోకి, ఇనుములోంచి సీటులోకి, సీటులోంచి వెన్నులోకి వస్తుంది. అసలు డ్రైవరు కళ్ళని నమ్మడు, ఆ దెబ్బని నమ్ముతాడు. సైలెన్సర్ జన్మంతా దాన్ని నమ్మే బతికాడు.

ఆ ముక్కు లారీ రాళ్ళ క్వారీలో దొరికింది. ముందు పొడుగ్గా ముక్కు, గుండ్రటి బుడ్డి లైట్లు, చెక్క బాడీ. తుమ్మమొక్కల మధ్య మునిగిపోయి ఉంది. దాన్ని గొలుసులు కట్టి లాగుతుంటే క్వారీ కాపలాదారు దూరంగా నిలబడి చూశాడు. అంతా అయ్యాక దగ్గరికొచ్చాడు.

"అయ్యా, ముందుకి ఎంత దూరమైనా నడుపుకోండి. వెనక్కి మాత్రం నడపకండి."

"వెనక్కి నడపకుండా షెడ్డులో ఎలా పెడతానయ్యా, మడిచి పెట్టనా?" అన్నాడు సైలెన్సర్. పక్కనున్నవాళ్ళు నవ్వారు.

కాపలాదారు నవ్వలేదు. "దాని క్లీనరు ఇంకా దిగలేదండి" అని చెప్పి, తన గుడిసెలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

ముసలాడికి మతి చలించిందని అనుకున్నారు. ఎవరైనా అదే అనుకుంటారు.

లారీని మొత్తం విప్పి కట్టారు. ఇంజను పని లేతు చూశాడు. లేత్ మిషను నడుపుతాడు కాబట్టి వాడికి ఆ పేరు, బుర్ర లేతగా ఉంటుందని కాదు, అదీ నిజమే అనుకోండి. బ్రేకులు నేను చూశాను. డ్రమ్ములు సాన పట్టించాను, లైనింగు కొత్తది కొట్టాను, నాలుగు చక్రాలూ ఒకేసారి పట్టేదాకా ఊరుకోలేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

బాడీ చెక్క అంతా పుచ్చిపోయింది. పలకలన్నీ కొత్తవి వేశారు. ఒక్కటి తప్ప. వెనక తలుపుకి ఎడమ వైపున్న పలక రాయిలా గట్టిగా ఉంది. దాని మీద అరచెయ్యంత మేర నున్నగా అరిగి గుంటపడి ఉంది. ఎన్నేళ్ళో ఎవరో అక్కడే కొట్టి కొట్టి అరగదీశారు. పాత బండ్ల పిచ్చి ఉన్నవాళ్ళకి అలాంటిది దొరికితే నిధి దొరికినట్టే. రంగు కొత్తది వేయొచ్చు, పలక కొత్తది వేయొచ్చు. అరుగుదల ఎక్కణ్ణుంచి తెస్తారు?

"బావా, దీన్నీ మార్చేద్దాం, రంగు కలవదు" అన్నాడు లేతు.

"ముట్టుకున్నావంటే చెయ్యి విరుస్తా. అది లారీకి జాతకం రా" అన్నాడు సైలెన్సర్.

కూతురు ఆ గుంటలో అరచెయ్యి పెట్టి చూసింది. సరిగ్గా పట్టింది. తరువాత లారీ ఎక్కి లోపలి నుంచి ఆ పలక చూసి పిలిచింది. "నాన్నా, లోపలివైపు కూడా అరిగింది. ఇదే చోట."

తండ్రి ఎక్కి చూశాడు. నిజమే. లోపల కూడా అరచెయ్యంత గుంట. ఎదురెదురుగా. లోపలినుంచి బండికి దారి చెప్పేవాడెవడుంటాడు? లోడు కింద నుంచి ఎవడు కొడతాడు? ఆయనకి ఆ క్షణంలో ఆ ప్రశ్న తట్టలేదు. "ఇది ఇంకెక్కడా ఉండదే!" అని పొంగిపోయాడు. మన పిచ్చి అలాంటిది.

మొదటిసారి లారీని షెడ్డులోకి తీసిన సాయంత్రం తండ్రీకూతుళ్ళకి మాటా మాటా వచ్చింది.

"ఆగమంటే ఇంకా వస్తావేంటి నాన్నా? గోడకి తగలబోయావు."

"నువ్వు రమ్మన్నావు, నేను వచ్చాను."

"ఒకటే కొట్టాను."

"రెండు కొట్టావు. నా వీపు అబద్ధం చెప్పదు."

"నా చెయ్యీ చెప్పదు."

రెండోసారీ అదే. ఈసారి వెనకనున్న నూనె డబ్బా నలిగింది. సైలెన్సర్ నోరు చేసుకున్నాడు. అక్షరాలు రాసే ధ్యాసలో పడి చేతికి లెక్క పోయిందన్నాడు. దెబ్బ తేడా వస్తే ప్రాణాలు పోతాయన్నాడు. రేపటినుంచి లేతుని నిలబెడతానన్నాడు. ఆ అమ్మాయి ఏడవలేదు గానీ మొహం మాడ్చుకుంది. లేతుని నిలబెట్టడమంటే ఎంత అవమానమో నేను చెప్పక్కర్లేదు.

"ఇంకొక్కసారి నాన్నా. ఒకటంటే ఒకటే కొడతాను, చెవి పెట్టి విను. తేడా వస్తే ఇంక నీ లారీ జోలికి రాను."

"రావు. నేనూ పిలవను" అన్నాడు.

ఆ ఇంకొక్కసారి, పాత బండ్ల ప్రదర్శన నుంచి తిరిగొచ్చిన రోజు వచ్చింది.

పొద్దు గూకుతోంది. మబ్బు నల్లగా కిందికి దిగింది. తలుపుల మీద ఆ అమ్మాయి కొత్తగా రాసిన అక్షరాలు ఇంకా తడి. వాన పడేలోగా లారీ లోపల పెట్టాలి. ఇంతలో కరెంటు పోయింది. షెడ్డు నోరు తెరుచుకున్న గుహలా నిలబడింది. లోపలినుంచి డీజిలు వాసన, గ్రీజు వాసన... వాటి కింద ఇంకేదో. తడిసిన గోనెసంచి వాసన. షెడ్డులో గోనెసంచులు లేవు.

ఒక పక్క ఇనప చక్రాల ట్రాక్టరు ఉంది కాబట్టి లారీ పక్కన మనిషి సులువుగా తప్పుకునే చోటు లేదు. వెనక నిలబడ్డవాళ్ళు దారి చెప్పి, వెనక గోడకున్న చిన్న తలుపులోంచి పెరట్లోకి తప్పుకోవాలి. ఎప్పుడూ అలాగే చేసేవాళ్ళు. ఆ రోజు వాన పడితే జల్లు లోపలికి కొడుతుందని ఆవిడ ఆ తలుపుకి బయటినుంచి గడియ పెట్టి వెళ్ళింది. ఆ సంగతి తండ్రికీ తెలియదు, కూతురికీ తెలియదు.

కూతురు లోపలికి వెళ్ళింది. సైలెన్సర్ వెనక గేరు వేశాడు. వాన ఒక్కసారిగా రేకుల మీద పడింది. ఆ మోత, ఇంజను మోత కలిసి షెడ్డంతా డప్పులా మోగింది. క్యాబిను వెనక అద్దంలోంచి చూశాడు. నలుపు తప్ప ఏమీ లేదు.

ధబ్, ధబ్.

రా.

క్లచ్ వదిలాడు. లారీ మెల్లిగా వెనక్కి పాకింది. ముక్కు గుమ్మం దాటింది. వాన మోత నెత్తిమీదికొచ్చింది.

ధబ్, ధబ్.

ఇన్నేళ్ళ డ్రైవరు. షెడ్డు పొడవు ఒంటికి తెలుసు. ఇంక ఆగమనాలి, అనుకున్నాడు. కుడికాలు బ్రేకు మీదికి వెళ్ళింది.

ధబ్, ధబ్.

కాలు తీశాడు. చెవి పెట్టి విను అంది కదా. విన్నాడు. రెండు. తేడా లేదు. వెన్నుకి తగిలింది రెండే. మనసు ఆగమంటోంది, దెబ్బ రమ్మంటోంది. ఆయన ఎప్పుడూ మనసు మాట విన్న మనిషి కాదు.

ధబ్, ధబ్. ధబ్, ధబ్. ధబ్, ధబ్.

తొందరగా. ఎప్పుడూ కొట్టనంత తొందరగా. ఏంటీ పిల్ల, ఆటగా ఉందా...

తరువాత దెబ్బలు ఆగిపోయాయి.

లారీ కదులుతూనే ఉంది. ఒక దెబ్బ కొట్టేదాకా వస్తూనే ఉండాలి. ఆయన ఆ ఒక్కదాని కోసం చూశాడు. వాన. ఇంజను. వాన. గోనెసంచి వాసన క్యాబినులోకి వచ్చేసింది, ఎవరో తడి బట్టలతో పక్కనొచ్చి కూర్చున్నట్టు. అరచేతుల్లో చెమట. స్టీరింగు జారుతోంది. కొట్టవే... కొట్టు తల్లీ...

ధబ్.

ఒక్కటి.

కాలు దానంతట అది బ్రేకు తొక్కేసింది. లారీ నిలబడింది. జారలేదు, ఊగలేదు. నిలబడింది.

కాసేపు ఆగి చూశాడు. కూతురు రాలేదు. టార్చి తీసుకుని దిగి, లారీకీ ట్రాక్టరుకీ మధ్య ఒళ్ళు గీరుకుంటూ వెనక్కి వెళ్ళాడు. వెలుగు వెనక గోడ మీద పడింది.

పలకకీ గోడకీ మధ్య కూతురుంది. మొహం పక్కకి తిరిగి ఉంది. గుండెల మీద లారీ ఆనుకుని ఉంది. రెండు చేతుల వేళ్ళూ నోట్లో కుక్కుకుని ఉంది, కళ్ళు పెద్దవి చేసి.

"అమ్మాయ్!"

ఆ గొంతుకి వాన కూడా తగ్గినట్టయింది. ఆ అమ్మాయి వేళ్ళు తీసింది. పెదాలు కదిలాయి. ఆయన చెవి దగ్గర పెట్టాడు.

"అరవకు నాన్నా... దేన్నీ కొట్టకు."

"ఊపిరాడుతోందా తల్లీ?"

"కొంచెం... కొట్టకు. మొదట రమ్మన్నాక నేను ఒకటే కొట్టా. ప్రతిసారీ ఒకటే. రెండోది..." కళ్ళు పలక వైపు తిప్పింది. "రెండోది లోపలినుంచి వస్తోంది."

సైలెన్సర్ పలక మీద ఆనించిన చెయ్యి తీసేసుకున్నాడు.

"ఆగమని కొట్టేకొద్దీ నిన్ను రమ్మని పిలిచినట్టయింది. తలుపు రాలేదు. అందుకే చేతులు నోట్లో పెట్టుకున్నా. అది నా దెబ్బ కోసం చూసింది నాన్నా... చూసి చూసి... అదే కొట్టేసింది. ఒక్కటే."

టార్చి పలక మీద పడింది. అరిగిన గుంట. ఆ పలక వెనక, లారీ లోపల, ఖాళీ. ప్రదర్శన నుంచి ఖాళీగానే తెచ్చారు. సందులోంచి చూడొచ్చు. ఆయన చూడలేదు. చూసి ఉంటే ఏం కనపడేదని నేను అడిగాను. "చూస్తే మళ్ళీ ముందుకొచ్చి సీటెక్కగలిగేవాణ్ణి కాదు" అన్నాడు. అది సరైన జవాబు. నేను ఇంక అడగలేదు.

బండి ముందుకు తియ్యాలి. వేరే దారి లేదు. వచ్చిన దారినే ఒళ్ళు రాసుకుంటూ వెళ్ళాడు. అడుగు చప్పుడు కాకుండా వేశాడు. క్యాబిను ఎక్కాడు. తలుపు లాగబోయి ఆగాడు. తలుపు మూస్తే ఒక చప్పుడు. దానికి ఇంకొకటి కలిస్తే... కాలు దేన్ని తొక్కుతుందో తనకే నమ్మకం లేదు. ఇన్నేళ్ళ అలవాటు కాలిలో ఉంది, తలలో లేదు. తలుపు తెరిచే ఉంచాడు. మొదటి గేరు చేత్తో తడిమి చూసుకున్నాడు. మళ్ళీ చూసుకున్నాడు. వెనక గేరు దాని పక్కనే ఉంటుంది ఆ బండికి.

క్లచ్ వదిలాడు.

లారీ ముందుకి కదిలింది. కదిలిన వెంటనే వెనకనుంచి మొదలైంది.

ధబ్ ధబ్. ధబ్ ధబ్. ధబ్ ధబ్ ధబ్ ధబ్...

రా. రా. రా.

వెన్ను మీద గుద్దుతున్నట్టే ఉంది. పళ్ళు బిగబట్టి, తెరిచిన తలుపు గుమ్మానికి కొట్టుకుని ఊడిపోతున్నా ఆగకుండా, వానలోకి, గేటులోంచి వీధిలోకి తీసి, అక్కడ ఇంజను ఆపాడు. ఆపిన చోటే కూలబడలేదు. పరిగెత్తి షెడ్డులోకి వెళ్ళాడు. కూతురు గోడకి జారగిలబడి కూర్చుని ఉంది. ఎత్తుకున్నాడు. పెరటి తలుపు గడియ తీసిన ఆవిడ, చీకట్లో వాళ్ళిద్దరినీ చూసి ముందుకొచ్చి కూతురి తల పట్టుకుంది.

పక్కటెముకలు విరిగాయి. అతుక్కున్నాయి. ఆ అమ్మాయి బతికింది. ఇంకొక్క బెత్తెడు వచ్చి ఉంటే బతికేది కాదని డాక్టరన్నాడు.

సైలెన్సర్ ఆ లారీ మళ్ళీ ముట్టుకోలేదు. లేతు దాన్ని తీసుకెళ్ళి పాత బండ్ల సంఘంవాళ్ళ షెడ్డులో పెట్టి, ఎవరిచేతో బోర్డు రాయించాడు. "బ్రేకులు పడక ప్రమాదానికి గురైన లారీ" అని. వచ్చినవాళ్ళకి అదే చెప్తాడు. చిన్నపిల్లలు ఆ పలక మీద కొట్టి ఆడుకుంటారట. నేను అడిగాను, ఒకటి కొడితే ఎన్ని వినిపిస్తాయని. ఒకటే అన్నారు. ఎన్నిసార్లు కొట్టినా ఒకటే.

అది విని అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే అప్పటికే నేను సైలెన్సర్ ఇంటికి వెళ్ళి వచ్చాను. పండిన పళ్ళు నాలుగు పట్టుకుని, అమ్మాయిని చూద్దామని. తలుపు దగ్గరగా వేసి ఉంది. ఒక్కసారి తట్టాను. నా మెటికలు చెక్కకి తగిలింది ఒక్కసారే. లోపల ఆవిడ గొంతు వినిపించింది.

"ఎవరది... ఒకసారి తట్టారా, రెండుసార్లా?"

నేను జవాబు చెప్పేలోగా లోపల ఆ అమ్మాయి మెల్లిగా అంది. "వాళ్ళు ఒకటే తట్టారమ్మా. తలుపు తీయకు. రెండోది మన వైపునుంచే వచ్చింది."

పళ్ళు గుమ్మం ముందు పెట్టి వచ్చేశాను.

ఇంతకీ నేను అడిగేది ఒకటే. బ్రేకులు పడలేదన్నది అబద్ధం. ఆ బ్రేకులు నా చేత్తో కట్టినవి, ఆగమన్న చోట ఆగాయి. ఆగమన్నది ఎవరో ఆ సంగతి వేరు. ఎవరైనా ఆ బోర్డు మీద "పడక" అన్న మాట చెరిపించి సరిగా రాయించండి. అలాంటి అక్షరం దిద్దగలిగేది ఆ అమ్మాయి ఒక్కతే. నేనే వెళ్ళి అడుగుదును. కానీ వెళ్ళినవాణ్ణి మళ్ళీ ఆ తలుపు తట్టాలి కదా.